గోల్డ్ బాండ్ మెచ్యూరిటీ మీద ఒక ఆర్టికల్: పిచ్ నుంచి పేమెంట్ దాకా

ఇది ఒకే ఒక్క ఆర్టికల్ కథ. 2015 నవంబర్ 30న ఇష్యూ అయిన మొట్టమొదటి సావరిన్ గోల్డ్ బాండ్ (ప్రభుత్వం తరఫున ఆర్‌బీఐ ఇచ్చే, గ్రాముల లెక్కన బంగారం ధరకి ముడిపెట్టిన బాండ్) సరిగ్గా ఎనిమిదేళ్లకి, 2023 నవంబర్ 30న మెచ్యూర్ అయింది. దాని మీద ఒక పర్సనల్ ఫైనాన్స్ వెబ్‌సైట్ తెలుగు సెక్షన్‌కి నేను ఆర్టికల్ రాసిచ్చా. సైట్ పేరు చెప్పను, ఇందులో జరిగినవి ఏ సైట్‌లో అయినా జరిగేవే కాబట్టి పేరుతో పనిలేదు కూడా.

ఎందుకు ఇది రాస్తున్నానంటే, బ్యాంకుల్లోనో ఎల్ఐసీలోనో మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూషన్‌లోనో పనిచేసేవాళ్లు చాలామంది "మనకి సబ్జెక్ట్ వచ్చు కదా, సైడ్‌లో ఆర్టికల్స్ రాసుకుందాం" అని వచ్చి అడిగేది ఎన్ని పదాలు రాయాలి, భాష ఎలా ఉండాలి, ఎంతిస్తారు అని. నేను చెప్పేది మాత్రం ఒకటే, ఆర్టికల్‌తో పాటు ఎక్సెల్ షీట్ కూడా పంపండి అని. అదేంటి షీట్ ఎవరు చూస్తారు అంటారు. ఈ కేసులో ఆ షీట్ లేకపోతే ఏం జరిగి ఉండేదో చూడండి.

టాపిక్ ఎంచుకోడం దగ్గర పెద్దగా ఆలోచించింది లేదు. ఆ నవంబర్‌లో తెలుగులో బంగారం మీద వచ్చేవన్నీ "ఈరోజు పసిడి ధరలు" బాపతే, హైదరాబాద్‌లో ఎంత విజయవాడలో ఎంత విశాఖలో ఎంత అని. బాండ్ మెచ్యూర్ అవుతోందన్న సంగతి ఇంగ్లిష్‌లో అక్కడక్కడా వస్తోంది, తెలుగులో నాకైతే కనపళ్లేదు. మన దగ్గర బంగారం అంటే పెళ్లి, తాకట్టు, కాసుల పేరు. కాయితం మీద బంగారం కొన్నవాళ్లు తక్కువే, మొదటి విడతలో దేశం మొత్తం మీద అమ్ముడైందే సుమారు 916 కిలోలు, అంటే 246 కోట్ల రూపాయల దాకా. మరి అంత తక్కువమంది కోసం ఆర్టికల్ ఎందుకు అని ఎడిటర్ అడుగుతుందని తెలుసు, అందుకే కొన్నవాళ్ల కోసం అని కాకుండా, ఎనిమిదేళ్లు ఉంచుకుంటే చేతికి ఎంతొస్తుందో ఇదే మొదటిసారి పూర్తిగా తేలుతోంది కాబట్టి, తర్వాత సిరీస్‌లు కొన్న వాళ్లందరికీ ఇది పనికొస్తుంది అని పిచ్ చేశా, అంటే ఆర్టికల్ ఐడియా ఎడిటర్ ముందు పెట్టా.

పిచ్ మెయిల్ దాదాపు ఇలాగే పంపా:

"మేడమ్, మొదటి గోల్డ్ బాండ్ నవంబర్ 30న మెచ్యూర్ అవుతోందండి. 2015లో గ్రాము 2,684 రూపాయలకి కొన్నవాళ్లకి చేతికి ఎంత వస్తుంది, వడ్డీ కూడా కలిపితే ఏడాదికి ఎంత శాతం పడింది, ట్యాక్స్ ఏంటి, ఆంధ్రా బ్యాంక్‌లోనో ఎస్‌బీహెచ్‌లోనో కొన్నవాళ్ల డబ్బు ఏ అకౌంట్‌కి వెళ్తుంది, ఈ నాలుగూ చెప్తాను. లెక్కల షీట్ జతచేస్తాను. కొనమనీ వద్దనీ రాయను. నా దగ్గర కూడా తర్వాతి సిరీస్ బాండ్లు కొన్ని ఉన్నాయి, ఆ మాట ఆర్టికల్ మొదట్లోనే వేద్దాం."

అంతే, ఇంకేం లేదు. నా అనుభవం ఇన్నేళ్లు, నేను ఫలానా చోట రాశాను లాంటివి చివర్లో ఒక లైన్. ఎడిటర్ల దగ్గరికి రోజూ వచ్చే పిచ్‌లు చూస్తే "ఇన్వెస్ట్‌మెంట్ ప్రాముఖ్యత గురించి రాస్తాను", "ధనవంతులు కావడానికి పది మార్గాలు" ఇలా ఉంటాయి, అందులో తేదీ ఉన్న పిచ్, నంబర్ ఉన్న పిచ్ కనపడితే వెంటనే రిప్లై వస్తుంది. వచ్చింది కూడా. "పంపండి సార్, అయితే 30కల్లా లైవ్‌లో ఉండాలి" అంది.

ఇక్కడో మెలిక ఉంది. మెచ్యూరిటీ రోజు ఇచ్చే ధర ముందే తెలీదు. ఇండియా బులియన్ అండ్ జ్యువెలర్స్ అసోసియేషన్ వాళ్లు రోజూ ఇచ్చే 999 స్వచ్ఛత బంగారం క్లోజింగ్ ధరలు తీసుకుని, ముందు వారం సగటు కట్టి ఆర్‌బీఐ ప్రకటిస్తుంది. ఈ బాండ్‌కి నవంబర్ 20 నుంచి 24 దాకా ఉన్న వారం సగటు. అంటే ధర బయటికొచ్చేసరికి మెచ్యూరిటీకి వారం కూడా ఉండదు. అప్పుడు కూర్చుని రాయడం మొదలుపెడితే తెల్లారినట్టే. అందుకని ఆర్టికల్ మొత్తం ముందే రాసేసి, షీట్‌లో ఒక్క సెల్‌కి పసుపు రంగు వేసి ఖాళీగా ఉంచా. ఆర్‌బీఐ గ్రాముకి 6,132 అని చెప్పగానే ఆ సెల్‌లో కొట్టా, మిగతావన్నీ వాటంతటవే మారిపోయాయి, ఆర్టికల్‌లో కూడా ఆ నంబర్లు వచ్చే చోట్లన్నిటికీ ముందే పసుపు గుర్తు పెట్టుకున్నా కాబట్టి వెతుక్కునే పని లేదు. బడ్జెట్ ఆర్టికల్స్, ఆర్‌బీఐ వడ్డీ రేట్ల ఆర్టికల్స్ రాసేవాళ్లందరూ ఇలాగే చేస్తారు, కొత్తవాళ్లకి మాత్రం ఇది ఎవరూ చెప్పరు.

షీట్ ఎలా ఉందో చెప్తా. ఉదాహరణకి 8 గ్రాములు తీసుకున్నా, మావైపు కాసంటే 8 గ్రాములే కాబట్టి చదివేవాళ్లకి కళ్ల ముందు కనపడుతుంది. చాలామంది ఒక గ్రాముతో లెక్క చూపిస్తారు, కానీ మొదటి విడతలో కనీసం 2 గ్రాములు కొనాలి, ఒక గ్రాము అన్న రూల్ తర్వాత వచ్చింది, తెలిసినవాడు చదివితే అక్కడే దొరికిపోతాం. ఆన్‌లైన్‌లో కొంటే గ్రాముకి 50 రూపాయల తగ్గింపు అన్నదీ అంతే, అదీ తర్వాతి సిరీస్‌ల నుంచే, మొదటిదానికి లేదు. సరే, మొదటి వరుస: 2015 నవంబర్ 30, మైనస్ 21,472. తర్వాత పదహారు వరుసలు, ఆరు నెలలకి ఒకటి, ఒక్కోటి 295 రూపాయల 24 పైసలు. ఎందుకంటే వడ్డీ ఏడాదికి 2.75 శాతం, అది కూడా మనం మొదట పెట్టిన డబ్బు మీదే, పెరిగిన బంగారం ధర మీద కాదు. చివరి తేదీన ఆ వడ్డీతో పాటు 49,056. వీటన్నిటి మీద ఎక్స్ఐఆర్ఆర్ ఫార్ములా (ఏ తేదీన ఎంత పోయింది, ఎంత వచ్చింది అన్నది చూసి ఏడాదికి ఎంత శాతం పడిందో చెప్పేది) కొడితే 12.9 శాతం వస్తుంది. వడ్డీ వరుసలు తీసేసి ఒట్టి ధర పెరుగుదలే చూస్తే ఏడాదికి 10.9.

ఈ రెండు నంబర్లూ గుర్తుపెట్టుకోండి, గొడవంతా వీటి దగ్గరే.

డ్రాఫ్ట్ పంపాక ఎడిటర్ నుంచి మొదట వచ్చిన కామెంట్: "సార్, 12.9 అని రాశారు, 10.9కి 2.75 కలిపితే 13.6 పైన రావాలి కదా? వేరే సైట్‌లో 13.6 అనే ఉంది, మార్చేయనా?" మామూలుగా అయితే ఇక్కడ రైటర్ ఏం చేస్తాడు, సరే మేడమ్ మీ ఇష్టం అంటాడు, లేదా నేను కరెక్ట్ మీరు తప్పు అని ఈగోకి పోతాడు. రెండిటికీ అవసరం రాలేదు, షీట్ తెరవమన్నా. 2.75 శాతం అనేది 2015లో పెట్టిన 21,472 మీద. 2020లో ఆ బంగారం విలువ ఎంత పెరిగినా వడ్డీ అదే 295 రూపాయలు. అంటే పెరిగిన విలువతో పోలిస్తే ఆ వడ్డీ ఏటేటా చిన్నదవుతూ వస్తోంది, దాన్ని తీసుకెళ్లి కాంపౌండ్ అయ్యే రేటుకి నేరుగా కూడేస్తే ఎక్కువ చూపిస్తుంది. వరుసలు కళ్ల ముందున్నాయి కాబట్టి ఆవిడకి వెంటనే అర్థమైంది, 12.9 ఉండిపోయింది. షీట్ లేకుండా ఇదే మాట మెయిల్‌లో రాస్తే నాలుగు పేరాలు పట్టేది, అయినా నమ్మేదో లేదో.

తర్వాత హెడ్డింగ్. ఆవిడ పెట్టింది "గోల్డ్ బాండ్లలో 128 శాతం లాభం". అబద్ధం కాదు, 2,684 పెడితే 6,132 వచ్చింది, లెక్క సరిపోతుంది. కానీ ఎనిమిదేళ్లు అన్న మాట హెడ్డింగ్‌లో లేకపోతే చదివేవాడు ఏడాదికో రెండేళ్లకో అనుకుంటాడు, అందుకే "ఎనిమిదేళ్లలో" అని చేర్చమన్నా, చేర్చారు. హెడ్డింగ్ విషయంలో నేను పెద్దగా పట్టుపట్టను, క్లిక్‌లు రాకపోతే వాళ్లకి గడవదు, అది వాళ్ల పేజీ. నంబర్ తప్పు కానంతవరకు నాకేం పేచీ లేదు.

పేచీ వచ్చింది నవంబర్ 30 సాయంత్రం, ఇంకో గంటలో పబ్లిష్ అనగా. "సార్, నిఫ్టీతో కంపేర్ చేస్తూ ఒక పేరా వేద్దాం, బంగారం నిఫ్టీని కొట్టింది అని సబ్ హెడ్డింగ్ పెడదాం, బాగా వెళ్తుంది." పైకి చూస్తే నిజమే అనిపిస్తుంది. 2015 నవంబర్ 30న నిఫ్టీ, అంటే 50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ, 7,935 దగ్గర క్లోజ్ అయింది, 2023 నవంబర్ 30న 20,133 దగ్గర. ఏడాదికి 12.3 శాతం పడుతుంది. బంగారం బాండ్ 12.9. కొట్టినట్టే కదా?

కాదు. బాండ్ వైపు మనం వడ్డీ కలిపాం. నిఫ్టీ వైపు డివిడెండ్లు కలపలేదు, టీవీలో రోజూ కనపడే నిఫ్టీ నంబర్‌లో డివిడెండ్లు ఉండవు. కొడుకు జీతానికి బోనస్ కలిపి అల్లుడి జీతంలోంచి బోనస్ తీసేసి మావాడే ఎక్కువ సంపాదిస్తున్నాడు అన్నట్టుంటుంది. పోలిస్తే రెండు వైపులా కలపాలి, లేదా రెండు వైపులా తీసెయ్యాలి. తీసేసి చూస్తే బంగారం 10.9, నిఫ్టీ 12.3, కథ తిరగబడింది. కలిపి చూడాలంటే డివిడెండ్లు కూడా కలిపి లెక్కేసే నిఫ్టీ టోటల్ రిటర్న్ ఇండెక్స్ తీసుకోవాలి, మ్యూచువల్ ఫండ్ కంపెనీలు కూడా 2018 ఫిబ్రవరి నుంచి అలాంటి ఇండెక్స్‌తోనే పోల్చుకోవాలని షేర్ మార్కెట్ రెగ్యులేటర్ సెబీ రూల్ పెట్టింది, సరిగ్గా ఈ మాయ జరక్కూడదనే. పైగా బాండ్ వడ్డీ మీద ట్యాక్స్ ఉంది. ఇష్యూలో కొని చివరిదాకా ఉంచుకున్నవాళ్లకి ధర పెరిగిన లాభం మీద ట్యాక్స్ లేదు కానీ, ఆరు నెలలకోసారి వచ్చే వడ్డీ స్లాబ్ ప్రకారం ఆదాయంలో కలుస్తుంది, టీడీఎస్ కట్ చెయ్యరు కాబట్టి చాలామంది రిటర్న్‌లో చూపించడమే మర్చిపోతారు. 30 శాతం స్లాబ్‌లో ఉన్నవాడికి ఆ 12.9 కాస్తా 12.3 దగ్గరికి దిగుతుంది.

షీట్‌లో రెండో ట్యాబ్ పెట్టి ఇదంతా అక్కడికక్కడే పంపించా. గంటలో పబ్లిష్ అవ్వాల్సింది అవ్వలేదు, ఆవిడ పైవాళ్లని అడగాలంది, రాత్రికి "నిఫ్టీ పేరా తీసేస్తున్నాం సార్" అని మెసేజ్, మర్నాడు పొద్దున లైవ్. నిజం చెప్పాలంటే పేరా తీసెయ్యడం కంటే రెండు వైపులా సరిగ్గా పోల్చి ఉంచడమే బాగుండేది, పాఠకుడికి అదే ఎక్కువ పనికొచ్చేది. కానీ టైమ్ లేనప్పుడు తప్పుడు పోలిక కంటే ఏ పోలికా లేకపోవడం నయం, నేనూ సరే అన్నా.

సెబీ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే ఆర్టికల్ కింద వాళ్లు "ఇప్పుడే కొనండి" అని ఒక బ్రోకర్ బటన్ పెడదామన్నారు, డిసెంబర్‌లో కొత్త సిరీస్ వస్తోంది కాబట్టి. బటన్ వాళ్లిష్టం, దాని మీద కమీషన్ వస్తుందని పక్కన రాస్తే చాలు. నా పేరు ఉన్న పేరాల్లో మాత్రం "కొనడానికి ఇదే మంచి సమయం" అన్న వాక్యం ఉండకూడదన్నా. గోల్డ్ బాండ్ గవర్నమెంట్‌ది కాబట్టి రాసేవాళ్లకి రిస్క్ తక్కువే, అదే ఏదైనా కంపెనీ షేర్ అయితే కొను, అమ్ము, ఉంచుకో, టార్గెట్ ఇంత అని రాశామంటే అది రీసెర్చ్ రిపోర్ట్ కిందికి వస్తుంది, 2014 నాటి రీసెర్చ్ అనలిస్ట్ రెగ్యులేషన్స్ ప్రకారం సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి. నేను సలహా ఇవ్వలేదండీ ఎడ్యుకేషన్ కోసం రాశా అని కింద చిన్న అక్షరాల్లో వేసుకుంటే సరిపోతుంది అనుకుంటారు, సరిపోదు, చూసేది కింద వేసిన లైన్ కాదు పైన రాసిన మాట. తర్వాత 2024 ఆగస్టు చివర్లో రూల్స్ ఇంకా బిగించారు, రిజిస్ట్రేషన్ లేకుండా సలహాలిచ్చే వాళ్లతో బ్రోకర్లు, మ్యూచువల్ ఫండ్‌లు లాంటి సంస్థలు డబ్బు, ప్రచారం ఏ రకంగానూ సంబంధం పెట్టుకోకూడదని. 2025 జనవరి సర్క్యులర్‌లో అయితే ఎడ్యుకేషన్ అని చెప్పుకునేవాళ్లు గత మూడు నెలల మార్కెట్ ధరలు వాడుతూ ఏ షేరు గురించీ రికమెండేషన్‌లా అనిపించేట్టు మాట్లాడకూడదని తేల్చేశారు. ఇప్పుడు ఫైనాన్స్ సైట్లలో చాలావాటి వెనక బ్రోకరేజ్ కంపెనీ ఉంటుంది కాబట్టి రాసే ముందు సైట్ ఎవరిదో కనుక్కోండి.

డిస్‌క్లోజర్ కూడా అంతే సీరియస్. అమెరికాలో ఉండి రాసే మనవాళ్లకి ఇది బాగా తెలుసు, సీకింగ్ ఆల్ఫా అనే స్టాక్ ఆర్టికల్స్ సైట్‌లో ప్రతి ఆర్టికల్ కింద ఆ స్టాక్ నా దగ్గర ఉందా, లేకపోతే వచ్చే 72 గంటల్లో కొనే ఉద్దేశం ఉందా అని లైన్ ఉంటుంది. అలాంటి డిస్‌క్లోజర్‌లకి విలువ ఉంచినవాళ్లూ ఉన్నారు, ఉంచనివాళ్లూ ఉన్నారు, 2017 ఏప్రిల్‌లో అక్కడి షేర్ మార్కెట్ రెగ్యులేటర్ ఎస్ఈసీ 27 మంది వ్యక్తులు, సంస్థల మీద కేసులు పెట్టింది, కంపెనీల దగ్గర డబ్బు తీసుకుని ఆ సంగతి దాచి వాటి షేర్లని పొగుడుతూ ఆర్టికల్స్ రాయించారని, రాశారని. అందులో 250కి పైగా ఆర్టికల్స్‌లో "నాకు ఎవరూ డబ్బు ఇవ్వలేదు" అని కూడా రాసుకున్నారు. మన సైట్లలో అడిగినా అడక్కపోయినా నేనైతే మొదటి పేరా పైనే వేస్తా.

ఇక ఈ ఆర్టికల్‌లో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించిన పేరా గురించి. ఎడిటర్ మొదట దాన్నే కొట్టేసింది, "ఇది సెర్చ్‌లో ఎవరు వెతుకుతారు సార్" అని. 2015లో బాండ్ కొన్నవాళ్లు బ్యాంకుల్లోనో పోస్టాఫీసుల్లోనో ఫారం నింపి కొన్నారు. మనవైపు అంటే ఆంధ్రా బ్యాంక్, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్. ఎస్‌బీహెచ్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది, ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసింది, ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు మారిపోయాయి. మెచ్యూరిటీ డబ్బు మనం అప్లై చెయ్యకుండానే రికార్డులో ఉన్న అకౌంట్‌కి వస్తుంది, మంచిదే, కానీ ఆ రికార్డు ఎనిమిదేళ్ల కిందటిది. ఈలోపు అకౌంట్ మూసేసినవాళ్లు ఉంటారు, ఫోన్ నంబర్ మార్చినవాళ్లు ఉంటారు, కొన్నాయన పోయి నామినీకి బాండ్ ఉందన్న సంగతే తెలీనివాళ్లూ ఉంటారు. ఆరు నెలల వడ్డీ సరిగ్గా పడుతోందా లేదా అని పాస్‌బుక్ చూస్కోండి, పడుతుంటే అసలు కూడా అక్కడికే వస్తుంది, పడకపోతే ఇప్పుడే బ్రాంచ్‌కి వెళ్లండి అన్నదే ఆ పేరా సారాంశం. దీన్ని తీసేస్తే ఇది ఇంగ్లిష్ ఆర్టికల్స్‌కి తెలుగు కాపీ తప్ప ఇంకేం కాదన్నా. ఉంచారు. పబ్లిష్ అయ్యాక పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం దీని మీదే, "మా నాన్నగారి పేరు మీద ఉందండి, సర్టిఫికెట్ కనపడ్డం లేదు, ఎక్కడికెళ్లాలి" లాంటివి. 128 శాతం గురించి పెద్దగా ఎవరూ అడగలేదు.

భాష విషయంలో ఒక చిన్న మాట. నగ కొనడంతో పోల్చే చోట ఎడిటింగ్‌లో "తయారీ రుసుములు" అని మార్చారు, నేను మళ్లీ తరుగు, మజూరీ అనే పెట్టమన్నా, షాపులో బిల్లు మీద మనం బేరమాడేది ఆ రెండిటి మీదే కదా. జీఎస్టీ 3 శాతం అన్నది పక్కన అంకెల్లో ఉంది, చాలు.

పేమెంట్ గురించి చెప్పకపోతే తిడతారు. ఆర్టికల్‌కి ఇంత అని ఫ్లాట్ రేటు, పబ్లిష్ అయిన నెలాఖరుకి ఇన్‌వాయిస్, ఆ తర్వాత వాళ్ల ఓపిక. ఏడాదిలో ఒక క్లయింట్ నుంచి వచ్చేది పరిమితి దాటితే ప్రొఫెషనల్ ఫీజు కింద 10 శాతం టీడీఎస్ కట్ చేస్తారు, అప్పట్లో ఆ పరిమితి 30,000, 2025 ఏప్రిల్ నుంచి 50,000 అయింది. కట్ చేసింది మన పాన్ మీద కట్టారో లేదో ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్‌లో ఉండే మన ట్యాక్స్ స్టేట్‌మెంట్‌లో చూసుకోవాలి, ఒక క్లయింట్ కట్ చేసి కట్టకుండా కూర్చుంటే వెంటపడి కట్టించుకున్నా ఒకసారి. ఇంకోటి, రేటు మాట్లాడేటప్పుడే అప్‌డేట్‌లకి వేరే రేటు అని మెయిల్‌లో రాయించుకోండి, ఇది చాలామంది వదిలేస్తారు.

అప్‌డేట్‌లు ఎందుకంటే ఫైనాన్స్ ఆర్టికల్ పబ్లిష్ అయిన రోజు నుంచే పాతబడుతుంది. నా ఆర్టికల్‌లో "కొత్త సిరీస్ కావాలంటే ఇష్యూ తేదీలు చూసుకోండి" అన్న వాక్యం ఉంది. డిసెంబర్‌లో గ్రాము 6,199కి ఒకటి వచ్చింది, 2024 ఫిబ్రవరిలో 6,263కి ఇంకోటి, దాని తర్వాత కొత్త ఇష్యూలు ఆగిపోయాయి. 2024 జులై 23 బడ్జెట్‌లో బంగారం మీద కస్టమ్స్ డ్యూటీ 15 నుంచి 6 శాతానికి దించేసరికి ధర ఒక్కసారిగా పడింది, అప్పుడు బాండ్లు ఉన్నవాళ్లందరూ మళ్లీ ఇదే ఆర్టికల్‌కి వచ్చి నా డబ్బు తగ్గిపోయిందా అని అడగడం. ముందే మాట్లాడుకున్నాం కాబట్టి షీట్‌లో మూడో ట్యాబ్ పెట్టి, కొత్త ఇష్యూల వాక్యం తీసేసి, పైన అప్‌డేట్ చేసిన తేదీ వేసి పంపా, దానికి సగం రేటు ఇచ్చారు. సైట్ వాళ్లు ఆ బ్రోకర్ బటన్ మాత్రం ఇంకా తియ్యలేదు, నొక్కితే సిరీస్ క్లోజ్ అయింది అని వస్తోంది.